నిలోఫర్ దవాఖానా వెనక రఫత్ కథ

నాంపల్లి స్టేషన్ బయట ఆటో ఎక్కి నిలోఫర్‌కి పోనీయమని చెప్పి చూడండి. ఛాయ్ హోటలుకా, దవాఖానాకా అని అడుగుతాడు డ్రైవరు. ఈమధ్య ఛాయ్ హోటలే ఎక్కువమందికి తెలుసు. అది ఒక మనిషి పేరని, అందులోనూ ఒక ఆడమనిషి పేరని గుర్తున్నవాళ్లు తక్కువ. నాకూ పెళ్లయ్యేదాకా తెలియదు. మా పుట్టిల్లు ఆబిడ్స్‌లో, చిరాగ్ అలీ గల్లీ వెనక. చిన్నప్పుడు ఆదివారం సాయంత్రాలు అమ్మ మమ్మల్ని పబ్లిక్ గార్డెన్స్‌కి నడిపించుకుని తీసుకెళ్లేది. దారిలో ఎవరో ఒకరు చంటిబిడ్డను పాతచీరలో చుట్టుకుని, పరుగులాంటి నడకతో రెడ్‌హిల్స్ వైపు పోతూ కనిపించేవాళ్లు. పాపం, నిలోఫర్‌కి పోతున్నారు అనేది అమ్మ. నిలోఫర్ అంటే పిల్లలకొచ్చే ఏదో జబ్బు కాబోలు అనుకునేదాన్ని!

ఆ మాటకి అర్థం కలువపువ్వు. ఆ పేరు పెట్టుకున్నావిడ మన ఊరికి కోడలిగా వచ్చింది. ఆవిడ అందం గురించి, చీరల గురించి పత్రికలు బోలెడు రాశాయి. నాకు మాత్రం ఆవిడ జీవితంలో ఒక్క సంఘటనే ముఖ్యమనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే మా వంటింటి సంగతీ చెప్పాలి. ముందు ఆవిడ కథ వినండి.

ఇస్తాంబుల్ నుంచి నౌబత్ పహాడ్‌కి

నిలోఫర్ 1916 జనవరి 4న ఇస్తాంబుల్‌లో పుట్టింది. తల్లి ఆదిలే సుల్తాన్ టర్కీని ఏలిన ఒట్టోమన్ వంశపు ఆడపడుచు. తల్లివైపు ముత్తాత సుల్తాన్ ఐదో మురాద్. పిల్లకి రెండేళ్లు నిండాయో లేదో, తండ్రి పోయాడు. 1924 మార్చిలో టర్కీ కొత్త ప్రభుత్వం ఖలీఫా పదవిని రద్దు చేసి, రాజకుటుంబాన్ని మొత్తం దేశం దాటించింది. అప్పటికి నిలోఫర్‌కి ఎనిమిదేళ్లు. తల్లీకూతుళ్లు ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డున ఉన్న నీస్ పట్టణంలో తలదాచుకున్నారు. పేరుకి రాజవంశమే గానీ చేతిలో రాజ్యం లేదు.

అక్కడికి వచ్చింది హైదరాబాద్ సంబంధం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెద్దకొడుకు ఆజం జాకి చివరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్‌ను, రెండో కొడుకు మొజ్జం జాకి నిలోఫర్‌ను అడిగారు. ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు షౌకత్ అలీ ఈ మాటలు నడిపించాడు. 1931 నవంబర్ 12న నీస్‌లోనే రెండు పెళ్లిళ్లూ జరిగాయి. నిలోఫర్‌కి ఇంకా పదహారు కూడా నిండలేదు. కొత్త దంపతులు పిల్స్‌నా అనే ఓడలో బొంబాయికి బయల్దేరారు. అదే ఓడలో లండన్ రౌండ్ టేబుల్ సమావేశం నుంచి తిరిగొస్తున్న గాంధీగారూ ఉన్నారు. చీర కట్టుకోవడం, కొత్త అత్తవారింటి మర్యాదలు ఆ ఓడలోనే నేర్పారట. కుచ్చిళ్లు పెట్టుకోవడం నేలమీద నేర్చుకోవడానికే మనకి అన్నాళ్లు పడితే, ఊగే ఓడలో ఆ పిల్లలు ఎలా నేర్చుకున్నారో! డిసెంబర్ 28న ఓడ బొంబాయి చేరింది. ఇంకో వారానికి నిలోఫర్‌కి పదహారు నిండాయి.

కాపురం హిల్‌ఫోర్ట్ ప్యాలెస్‌లో. నౌబత్ పహాడ్ గుట్టమీద ఇప్పటికీ ఉందా భవనం. తర్వాత చాలాకాలం రిట్జ్ హోటల్‌గా నడిచింది. అక్కడి నుంచి కిందికి దిగితే పబ్లిక్ గార్డెన్స్, అది దాటితే నాంపల్లి. భర్త మొజ్జం జా సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డుకి అధ్యక్షుడు. 1908 మూసీ వరద ఊరిని ముంచెత్తిన తర్వాత ఇరుకు గల్లీలు విడగొట్టి, కొత్త రోడ్లు, కొత్త కాలనీలు వేసేందుకు ఏర్పడిన బోర్డు అది. ఆబిడ్స్ రోడ్డు, నాంపల్లి స్టేషన్ రోడ్డు కలిసే చోట 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌కి ఆయన పేరే పెట్టారు. అంటే చూడండి, మార్కెట్ దగ్గర బస్సు దిగి రెడ్‌హిల్స్‌కి నడిస్తే మొగుడి పేరు నుంచి పెళ్లాం పేరు దాకా నడిచినట్టే.

హైదరాబాద్ పెద్దింటి ఆడవాళ్లు పరదా దాటని రోజులవి. నిలోఫర్ దాటింది. సభలకి, విందులకి, బషీర్‌బాగ్‌లోని లేడీ హైదరీ క్లబ్‌కి వెళ్లేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నర్సు పనిలో శిక్షణ తీసుకుని సహాయ కార్యక్రమాల్లో పాల్గొంది. రాకుమారి నర్సు పని నేర్చుకోవడం అప్పట్లో విశేషమే. పట్టుచీరలమీద ఎంబ్రాయిడరీ చేయించుకుని కట్టేది. వాటిలో కొన్నింటిని తర్వాత న్యూయార్క్‌లోని ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ మ్యూజియానికి ఇచ్చేసింది.

కానీ ఇంట్లో వెలితి ఉంది. తోడికోడలు దుర్రు షెహ్వార్‌కి 1933లో ఒక కొడుకు, 1939లో ఇంకో కొడుకు పుట్టారు. నిలోఫర్‌కి పిల్లలు కలగలేదు. ఐరోపాలో డాక్టర్లకి చూపించుకున్నా ఫలితం లేకపోయింది. 1948లో మొజ్జం జా ఇంకో పెళ్లి చేసుకున్నాడు. రాజుల ఇళ్లలో ఇవి మామూలేగా అంటారు చాలామంది. పడేవాళ్లకి ఏదీ మామూలు కాదు.

రఫత్

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1949లో, నిలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ అనే దాసి కాన్పులో చనిపోయింది. సరైన వైద్యం అందక పోయిందంటారు. నిలోఫర్‌కి ఎంతో ఇష్టమైన మనిషి. ఆ పిల్ల గురించి అంతకుమించి ఎక్కడా రాసి లేదు. వయసెంతో, ఎన్నో కాన్పో, బిడ్డ బతికిందో లేదో, ఏదీ లేదు. దాసి గురించి ఎవరు రాసిపెడతారు!

ఆనాటి పరిస్థితి ఎలాంటిదంటే, 1946లో భోర్ కమిటీ ఇచ్చిన నివేదికలో బ్రిటిష్ ఇండియాలో వెయ్యి కాన్పులకు 20 మంది తల్లులు చనిపోతున్నారని, ఏడాదికి 2 లక్షల మంది ఇలా పోతున్నారని అంచనా వేశారు. హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా దవాఖానా లేకపోలేదు. మూసీ ఒడ్డున విక్టోరియా జనానా ఆసుపత్రికి 1906లోనే పునాది పడింది. అయినా చాలా ఇళ్లలో కాన్పు అంటే దాయిని పిలవడమే. తెలుగిళ్లలో మంత్రసాని. చేతులు ఎలా కడుక్కునేదో, బొడ్డుతాడు దేనితో కోసేదో అడిగేవాళ్లు లేరు. నెత్తురు ఆగకపోతే ఆ రాత్రికి చేయగలిగిందీ లేదు.

నిలోఫర్ ఊరుకోలేదు. మామగారు నిజాం దగ్గరికి వెళ్లి, ఆడవాళ్లకి, పిల్లలకి వేరే దవాఖానా ఉండాలని పట్టుబట్టింది. ఆ పట్టుదల ఫలితమే రెడ్‌హిల్స్‌లో కట్టిన నిలోఫర్ ఆసుపత్రి. 1953లో 100 పడకలతో మొదలైంది. మొజంజాహీ మార్కెట్‌లో కరాచీ బేకరీ పెట్టింది కూడా ఆ ఏడాదే. ఆబిడ్స్‌లో పెరిగినవాళ్లకి ఇలాంటి లెక్కలు గుర్తుంటాయి మరి!

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1953 నాటికి హైదరాబాద్ రాజ్యమే మారిపోయింది. 1948 సెప్టెంబర్‌లో నిజాం పాలన ముగిసింది. 1950 జనవరి 26 నుంచి నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. అంటే, ఒక కోడలు మామగారిని అడగడంతో మొదలైన దవాఖానా, జనం ఓట్లేసి తెచ్చుకున్న ప్రభుత్వం నడిచేనాటికి తలుపులు తెరిచింది. ఆ రోజు నుంచి దాని ఖర్చు సర్కారు ఖజానాదే. రఫత్‌కి నిలోఫర్ ఉంది, నిలోఫర్‌కి నిజాం ఉన్నాడు. మిగతా బస్తీల్లో ఆడవాళ్లకి నిజాంని అడగగల యజమానురాలు ఎక్కడ దొరుకుతుంది? వాళ్లకి ఉన్నదల్లా బడ్జెట్టే.

1952లోనే నిలోఫర్‌కి విడాకులయ్యాయి. ఆ తర్వాత ఆవిడ జీవితం ఫ్రాన్స్‌లోనే గడిచింది. 1963లో ఎడ్వర్డ్ పోప్ అనే అమెరికన్‌ను పారిస్‌లో పెళ్లి చేసుకుంది. 1989 జూన్ 12న అక్కడే కన్నుమూసింది. పారిస్ శివార్లలో బొబిన్యీ శ్మశానంలో సమాధి ఉంది. రెడ్‌హిల్స్ బోర్డుమీద పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. తోడికోడలు దుర్రు షెహ్వార్ పేరుతోనూ పాతబస్తీలో పిల్లల ఆసుపత్రి ఉంది.

తొమ్మిదో రోజు

ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే. నన్ను పట్టి పీడించిన ప్రశ్న వేరు. కాన్పు దవాఖానాలో క్షేమంగా అయ్యాక, ఆ తర్వాతి నలభై రోజులు ఎవరివి?

నా మొదటి కాన్పు 1996లో. ఊళ్లోనే ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో అయింది. పేరెందుకు లెండి. మూడో రోజున బిల్లు కట్టించుకుని, మందుల చీటీ చేతిలో పెట్టి పంపించేశారు. మళ్లీ ఎప్పుడు రావాలో, ఏం కనిపిస్తే పరిగెత్తుకు రావాలో ఒక్కరూ చెప్పలేదు. ఇంట్లో అమ్మమ్మ అప్పటికే కాయం నూరి సిద్ధంగా ఉంచింది. వావిలాకు వేసి కాచిన నీళ్లు, సాంబ్రాణి పొగ, చెవుల్లో దూది, నడికట్టు, వెల్లుల్లి కారంతో నెయ్యన్నం... ఆ వైభోగం అనుభవించినవాళ్లకే తెలుసు. కానీ మంచినీళ్లు మాత్రం అడిగినా ఇచ్చేవారు కాదు. బాలింతకి దాహం ఎంతయితే నీళ్లు అంత ప్రమాదమని అమ్మమ్మ నమ్మకం. పాలిచ్చే తల్లికి నీళ్లే ముందు కావాలని ఆవిడకి ఎవరు చెప్తారు?

తొమ్మిదో రోజు నాకు చలిజ్వరం వచ్చింది. పురిటి వేడి అన్నారు. కంబళి కప్పారు. రాత్రికి ఒళ్లు కాలిపోతోంది, రొమ్ము రాయిలా గట్టిపడింది. మా పక్కింట్లో రిటైరైన నర్సమ్మ ఒకావిడ ఉండేవారు. పాపని చూడ్డానికని వచ్చి, నా చేయి పట్టుకుని చూసి, తెల్లారేదాకా ఆగడానికి వీల్లేదని మా నాన్నని ఆటో తీసుకురమ్మంది. అప్పటికే చీము పట్టిందట. కోసి తీయాల్సి వచ్చింది. ఆవిడ గనక ఆ సాయంత్రం ఏ గుడికో వెళ్లి ఉంటే నా సంగతేమిటని ఇప్పటికీ అనుకుంటాను.

డాక్టర్లు చెప్పేదీ ఇదే. కాన్పయిన మొదటి ఇరవై నాలుగు గంటల్లో నెత్తురు ఎక్కువగా పోవడం తల్లికి పెద్ద గండం. తర్వాతి రోజుల్లో చీము, జ్వరం, రక్తపోటు పెరిగి ఫిట్స్ రావడం, రక్తహీనత. బిడ్డకైతే మొదటి నెలంతా గండమే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన సూచనల్లో ఆరు వారాల్లోపు తల్లినీ బిడ్డనీ కనీసం నాలుగుసార్లు చూడాలని చెప్పింది. మొదటి రోజు, రెండో మూడో రోజు, ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య, ఆరో వారంలో. ఆరు వారాలంటే నలభై రెండు రోజులు. ముస్లిం ఇళ్లలో జచ్చాకి చిల్లా అని నలభై రోజులు లెక్కపెడతారు. పెద్దవాళ్ల లెక్కకీ డాక్టర్ల లెక్కకీ రెండు రోజులే తేడా!

కాకపోతే ఆ రోజుల్లో ఇంటికి ఎవరు రావాలి, వాళ్లకి జీతం ఎవరివ్వాలి అన్నదే చిక్కు. దవాఖానా కట్టడానికి డబ్బు పోస్తే గోడలు కనిపిస్తాయి, రిబ్బను కత్తిరించవచ్చు. గడప గడపకీ తిరిగే మనిషికి ఇచ్చే డబ్బు ఎవరికీ కనిపించదు. అందుకే అది ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చింది.

అయినా ఆలోచన కొత్తదేం కాదు. నిలోఫర్ దవాఖానా మొదలైన 1953లోనే, ఆగస్టులో, ఢిల్లీలో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్. సర్కారు డబ్బును స్థానికంగా పనిచేసే ఆడవాళ్ల సంఘాలకి చేర్చాలన్నది ఆవిడ పట్టు. 1954 నుంచి ఆ బోర్డు ఊళ్లలో నడిపిన పథకంలో పిల్లల బడితో పాటు బాలింతల, పసిపిల్లల సంరక్షణ కూడా ఉంది. ఇటు రాకుమారి దవాఖానా, అటు దుర్గాబాయమ్మ ఊరికి పంపిన మనిషి. రెండూ కావాలి. కానీ నలుగురి నోళ్లలో పడేది దవాఖానాయే. నేను మాత్రం రెండో దానికి ఒక మార్కు ఎక్కువే వేస్తాను, తొమ్మిదో రోజు చలిజ్వరం చూసినదాన్ని కదా!

1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలు మొదలయ్యాయి. 1990ల నడుమ ప్రపంచ బ్యాంకు అప్పుతో ఐపీపీ-8 అనే పథకం కింద హైదరాబాద్ బస్తీల్లో ఆరోగ్య కేంద్రాలు పెట్టారు, బస్తీ ఆడవాళ్లలోంచే వాలంటీర్లను తీసుకున్నారు. అప్పు తీరిపోయేదే, మనుషులే మిగలాలి. పథకం గడువు అయిపోయింది. 2005లో జననీ సురక్ష యోజన వచ్చింది. దవాఖానాలో కంటే డబ్బిస్తామన్నారు. దాంతో పల్లెల్లోనూ దవాఖానా కాన్పులు పెరిగాయి. కానీ ఆ డబ్బు కాన్పుకే. 2011 జూన్‌లో జననీ శిశు సురక్ష కార్యక్రమంతో సర్కారు దవాఖానాలో కాన్పుకి, మందులకి, భోజనానికి, ఇంటికి దిగబెట్టే బండికి పైసా తీసుకోకూడదన్నారు. అదీ గేటు దగ్గరికొచ్చి ఆగినట్టే.

గేటు దాటి గడపదాకా వచ్చింది ఆ ఏడాదే. ఆశా వర్కరు బాలింత ఇంటికి మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో వెళ్లాలని నియమం పెట్టారు. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా. బిడ్డ బరువు తూయాలి, జ్వరం చూడాలి, పాలు తాగుతోందా, బొడ్డు ఎలా ఉంది, తల్లికి నెత్తురు ఎక్కువగా పోతోందా అని చూడాలి, తేడా ఉంటే దవాఖానాకి పంపాలి. ఈ ఆరు రాకలకీ కలిపి కేంద్రం ఖరారు చేసిన పైకం 250 రూపాయలు. ఒక్కో రాకకి నలభై చిల్లర. ఆటో ఎక్కితే ఆ కిరాయికే సరిపోదు. పట్టణాల్లో బస్తీలకి ఆశాలు రావడం 2013లో పట్టణ ఆరోగ్య మిషన్ మొదలయ్యాకే.

తర్వాత తెలంగాణలో 2015 నుంచి అంగన్‌వాడీలో గర్భిణులకి, బిడ్డకి ఆరు నెలలు వచ్చేదాకా బాలింతలకి ఒకపూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టే ఆరోగ్యలక్ష్మి వచ్చింది. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో చీరలు, దోమతెర, పిల్లల సబ్బులతో పాటు సర్కారు దవాఖానాలో కన్న తల్లికి విడతలుగా 12,000, ఆడపిల్ల పుడితే 13,000 రూపాయలు ఇస్తామన్నారు. విడతల్లో కొన్ని బిడ్డకి టీకాలు వేయించాక చేతికొచ్చేలా పెట్టడం నాకు నచ్చింది. కాన్పు తర్వాత కూడా తల్లి లెక్కలో ఉందన్నమాట. అదే 2017లో నిలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి అనే తల్లిపాల బ్యాంకు కూడా వచ్చింది. 2018 నుంచి బస్తీ దవాఖానాలు తెరుస్తూ వచ్చారు.

2018-20 లెక్కల ప్రకారం తెలంగాణలో లక్ష కాన్పులకి తల్లుల మరణాలు 43. దేశం మొత్తానికి 97. వెయ్యికి ఇరవై అన్న భోర్ కమిటీ లెక్కని లక్షకి మారిస్తే రెండు వేలు. రఫత్ నాటికీ ఇప్పటికీ ఉన్న దూరం అది. ఆ 43లో ఒకటి మన ఇంటికి ఎంత దగ్గరలో ఉండొచ్చో నాకు 2019లో తెలిసొచ్చింది.

మా వంటింట్లో

ఇప్పుడు మేం ఉండేదీ ఆబిడ్స్‌లోనే, అపార్ట్‌మెంటులో. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి మల్లేపల్లి వైపు బస్తీ నుంచి వచ్చేది. ఏడో నెలదాకా పనిలోకి వచ్చింది, తర్వాత ఆగింది. సర్కారు దవాఖానాలో కాన్పు, ఆడపిల్ల, రెండు కిలోల ఆరు వందల గ్రాములు. పన్నెండో రోజు పొద్దున్నే బెల్లు మోగితే తలుపు తీశాను. చీపురు తీసుకోవడానికి వచ్చేసింది. కాస్త పాలిపోయి ఉంది. ఇంకా కొన్నాళ్లు ఆగకపోయావా అని పైకి అన్నాను. వేరే ఇళ్లవాళ్లు కొత్త మనిషిని పెట్టుకుంటారేమోనని భయమంది. లోపల నాకు ఏమనిపించిందో ఇక్కడ రాయాలంటే సిగ్గుగానే ఉంది. హమ్మయ్య, అంట్లు తప్పాయి అనిపించింది. నా పురిటికి నలభై రోజులు మంచం దిగనివ్వలేదు మా అమ్మ!

పద్నాలుగో రోజు మధ్యాహ్నం మళ్లీ బెల్లు. చేతిలో రిజిస్టరు, భుజాన సంచి, నీరెండలో మూడంతస్తులు ఎక్కొచ్చి ఆయాసపడుతున్న ఒక ఆశా వర్కరు. ఏడో రోజు చూసి వెళ్లిందట. ఇవాళ వెళ్తే ఇంటికి తాళం. బిడ్డ పక్కింటి ముసలమ్మ దగ్గర ఉంది, చక్కెర నీళ్లు పడుతున్నారు. తల్లి ఎక్కడుందని వాకబు చేసి, మా ఫ్లాట్ నంబరు కనుక్కుని వచ్చింది. నన్ను ఏమీ అనలేదు. బాలింత ఇక్కడ ఉందా అని మాత్రం అడిగింది. ఆ బాలింత అన్న మాట నాకు సూదిలా గుచ్చుకుంది. మా ఇంట్లో ఆ పిల్లని రెండు రోజులుగా పనమ్మాయి అనే అనుకుంటున్నాం.

వంటింట్లో సింకు దగ్గర నిలబడి ఉంది. ఆశా లోపలికెళ్లి, గిన్నె చేతిలోంచి తీసి పక్కన పెట్టి, పీట మీద కూర్చోబెట్టి థర్మామీటరు పెట్టింది. 102. కుట్లు నొప్పిగా ఉన్నాయా అని అడిగితే అప్పుడు చెప్పింది ఆ పిల్ల, మూడు రోజులుగా నొప్పి, వాసన కూడా వస్తోందని. పొద్దున నేనిచ్చిన టీ తాగింది, నా ఎదురుగానే తుడిచింది, నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ సాయంత్రమే దవాఖానాలో చేర్చుకున్నారు. కుట్లకి చీము పట్టింది. ఐదు రోజులు ఇంజెక్షన్లు. బిడ్డని కూడా తల్లి దగ్గరే ఉంచారు. బిడ్డ అప్పటికి రెండు కిలోల నాలుగు వందలకి దిగింది. పాలు మళ్లీ పట్టించడానికి ఆ ఆశా రోజూ వెళ్లి పక్కన కూర్చునేదట. ఆ రోజులకి ఆవిడ రిజిస్టరులో గడే లేదు, పైసా రాదు. ఇదంతా నాకు తర్వాత ఆ పిల్ల చెప్పింది.

ఆ సమయంలోనే రఫత్ గురించి చదివింది గుర్తొచ్చింది. నిలోఫర్ కథ చదువుతున్నప్పుడల్లా నన్ను నేను రాకుమారి వైపు నిలబెట్టుకునేదాన్ని, అందరం అంతే కదా. ఆవిడ దాసి పోయాక మేలుకుంది. అయినా మేలుకుంది, మామగారి ముందుకెళ్లి అడిగింది. నా ముందు బతికున్న మనిషి అంట్లు తోముతోంది, నేను టీవీ చూస్తున్నాను.

రెండు నెలల జీతం ఇచ్చి రావొద్దన్నాను. మా అపార్ట్‌మెంటులో ఆ పిల్ల పనిచేసే ఇంకో రెండిళ్లవాళ్లతోనూ మాట్లాడాను. ఒకావిడ వెంటనే ఒప్పుకుంది. ఇంకొకావిడ, ఇలా మొదలుపెడితే అందరూ అడుగుతారని గొణిగింది. అడగనీయండి అన్నాను. ఆఫీసులో పనిచేసే మా కోడలికి చట్ట ప్రకారం ఇరవై ఆరు వారాల జీతంతో సెలవుంది. 2017లో సవరించిన చట్టం అది. ఇళ్లలో పనిచేసే అమ్మాయికి యజమానురాలి మనసే చట్టం.

నలభై రెండో రోజున ఆశా రాక చూడాలని ఆ బస్తీకి వెళ్లాను. నాంపల్లి నుంచి పెద్ద దూరం కాదు, అయినా ఇన్నేళ్లలో ఎప్పుడూ వెళ్లలేదు. ఒకటే గది. పెట్టె మీద కేసీఆర్ కిట్ సంచి, గోడకి అంగన్‌వాడీ వాళ్లిచ్చిన క్యాలెండరు. నన్ను చూసి ఆ పిల్ల కంగారుగా లేవబోయింది. కూర్చోమన్నాను. ఉన్న ఒక్క కుర్చీ నాకు వేశారు. ఆశా సంచిలోంచి కొక్కెం త్రాసు తీసింది, ఉయ్యాలగుడ్డలో బిడ్డని పడుకోబెట్టి పైకెత్తింది. ముల్లు ఊగి ఊగి మూడు కిలోల నాలుగు వందల దగ్గర ఆగింది. ఆవిడ రిజిస్టరులో రాసుకుని, ఇంకో ఇంట్లో మూడో రోజు బాలింత ఉందంటూ చెప్పులేసుకుని వెళ్లిపోయింది.